మింగడం ఒక పని, చంపడం ఇంకో పని: తెల్ల రక్తకణాలు క్రిములను ఎలా అంతం చేస్తాయి

క్లుప్తంగా: తెల్ల రక్తకణం క్రిమిని మింగగానే పని అయిపోదు. క్రిమి ఉన్న చోటికి చేరడం, దాన్ని గుర్తుపట్టడం, లోపలికి లాక్కోవడం, లోపల చంపడం, చివరికి మిగిలిన చెత్త ఎత్తేయడం, ఇవన్నీ వేర్వేరు యంత్రాంగాలతో నడిచే వేర్వేరు పనులు. ఏ మెట్టు దెబ్బతింటే దానికి తగ్గ జబ్బు వస్తుంది. టీబీ లాంటి క్రిములు నెగ్గేది మింగడానికీ చంపడానికీ మధ్య ఉన్న ఖాళీలోనే. రక్తపరీక్షలో కనిపించే సంఖ్య కణాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది గానీ, అవి పని చేస్తున్నాయో లేదో చెప్పదు.

తెల్ల రక్తకణం ఒక బాక్టీరియాను వెంటాడే పాత నలుపు తెలుపు వీడియో ఒకటి సోషల్ మీడియాలో తరచూ తిరుగుతుంటుంది. 1950ల్లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ అనే వైద్యుడు మైక్రోస్కోపు కింద 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన దృశ్యం అది. ఎర్రకణాల మధ్య నుంచి దారి చేసుకుంటూ, బాక్టీరియా ఎటు తిరిగితే అటు తిరుగుతూ, చివరికి ఆ చిన్న చుక్కను అందుకుని తనలో కలిపేసుకుంటుంది ఆ కణం. అక్కడితో వీడియో అయిపోతుంది. అది చూసినవాళ్లకు కణానికి క్రిమి కనిపిస్తోందని, మింగగానే కథ ముగిసిందని అనిపించడం సహజం. రెండూ నిజం కావు. కణానికి కళ్లు లేవు సరే, అసలు కష్టమైన భాగం మొదలయ్యేది మింగిన తర్వాతే. ఇన్ఫెక్షన్లు ఎందుకు తగ్గుతాయో, కొన్ని ఎందుకు ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతాయో అర్థం కావాలంటే ఆ వీడియో ఆగిన చోటు దాటి చూడాలి.

## ముల్లు చుట్టూ చేరిన కణాలు

1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ జంతుశాస్త్రవేత్త ఇటలీలోని సిసిలీ దీవిలో, మెసీనా నగరంలో ఉంటూ నక్షత్ర చేపల పిల్లలను, అంటే లార్వాలను, పరిశీలిస్తున్నాడు. వాటి శరీరం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల జరిగేదంతా మైక్రోస్కోపులో తెలుస్తుంది. ఆయన వాటికి చిన్న ముళ్లు గుచ్చి వదిలేశాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కదిలే కణాలు గుంపుగా మూగి ఉన్నాయి. ఆ లార్వాలో రక్తనాళాలు కూడా లేవు. అంటే బయటి నుంచి వచ్చినదాన్ని చుట్టుముట్టే ఈ పద్ధతి రక్తప్రసరణ కంటే పాతదన్నమాట, ఇంకా వెనక్కి వెళ్తే అమీబా తిండి తినే పద్ధతి కూడా ఇదే.

తర్వాత ఆయన డాఫ్నియా అనే అతి చిన్న నీటి జీవిలోకి ఒక శిలీంధ్రం బీజాలు చొరబడినప్పుడు ఏం జరుగుతుందో చూశాడు. కణాలు బీజాలను మింగి నాశనం చేసిన చోట డాఫ్నియా బతికింది, బీజాలు మొలకెత్తి కణాల చేయి దాటిపోయిన చోట చచ్చిపోయింది. ముల్లు ప్రయోగం కంటే ఇదే ముఖ్యమని చెప్పాలి, ఎందుకంటే గుంపుగా చేరడం వేరు, ఆ చేరడం వల్ల ప్రాణం నిలిచిందని చూపించడం వేరు.

అప్పటికే వైద్యులు చీములోని తెల్లకణాల లోపల బాక్టీరియాను చూసి ఉన్నారు. కాకపోతే వాళ్లలో చాలామంది దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నారు: క్రిములే ఈ కణాల్లోకి దూరి, వీటిని వాహనంగా చేసుకుని శరీరమంతా వ్యాపిస్తున్నాయని. మెచ్నికోవ్ చెప్పింది సరిగ్గా దానికి ఎదురు. సాధారణంగా ఆయనే గెలిచాడని చెబుతారు. పూర్తిగా చెప్పాలంటే పాత వైద్యుల మాటలోనూ కొంత నిజం ఉంది, అది టీబీ దగ్గర తెలుస్తుంది.

ఇంకో వర్గం రక్షణ అంతా రక్తంలో కరిగి ఉండే పదార్థాలదే, కణాలది కాదు అని వాదించింది. ఈ వాదన దశాబ్దాలు నడిచింది. 1903లో బ్రిటన్‌లో ఆల్మ్‌రాత్ రైట్, స్టూవర్ట్ డగ్లస్ ఇద్దరూ ఈ రెండింటినీ కలిపే విషయం కనుక్కున్నారు: రక్తద్రవంలోని కొన్ని పదార్థాలు బాక్టీరియాకు అంటుకుంటేనే తెల్లకణాలు వాటిని బాగా మింగుతున్నాయి. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కు, రక్తద్రవం పక్షాన నిలిచిన పాల్ ఎర్లిక్‌కు కలిపి ఇచ్చారు.

## కళ్లు లేకుండా వెంటాడటం ఎలా

తెల్ల రక్తకణాలన్నీ క్రిములను మింగవు. ఆ పని ప్రధానంగా న్యూట్రోఫిల్స్‌దీ, మోనోసైట్లదీ. మోనోసైట్లు రక్తం వదిలి కణజాలంలోకి చేరి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. పెద్దవాళ్లలో తెల్లకణాల్లో సగానికి పైగా సాధారణంగా న్యూట్రోఫిల్సే. ఎముక మజ్జ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది, రక్తంలో వాటి ఆయుష్షు కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు మాత్రమే. ఇంత భారీగా తయారు చేసి ఇంత త్వరగా పారేయడం వృథా అనిపించవచ్చు గానీ, ఈ కణాలు లోపల మోసుకు తిరిగే రసాయనాలు ఎంత ప్రమాదకరమో చూస్తే వాటిని ఎక్కువ కాలం ఉంచుకోకపోవడమే మంచిదని తెలుస్తుంది.

బాక్టీరియా తన ప్రోటీన్ల తయారీని ఫార్మైల్ మెథియోనిన్ అనే ప్రత్యేకమైన అణువుతో మొదలుపెడుతుంది. మన కణాలు మామూలు మెథియోనిన్‌తో మొదలుపెడతాయి. కాబట్టి ఆ ఫార్మైల్ ముక్కలు చుట్టుపక్కల ద్రవంలోకి కారుతున్నాయంటే అక్కడ బాక్టీరియా ఉన్నట్టే. న్యూట్రోఫిల్ పొర మీద ఈ ముక్కలను పట్టుకునే గ్రాహకాలు అన్ని వైపులా ఉంటాయి. ఏ వైపు గ్రాహకాలకు ఎక్కువ ముక్కలు తగిలితే ఆ వైపు కణం లోపల ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరిగి పొరను ముందుకు తోస్తాయి. వీడియోలో వేటలా కనిపించేది ఇదే. రసాయనం గాఢత ఎటు పెరిగితే అటు జరగడం, అంతే. దెబ్బతిన్న కణజాలం విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-8, రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్ల వ్యవస్థ నుంచి విడిపోయే సీ5ఏ అనే ముక్క కూడా ఇలాంటి పిలుపులే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన కణాల్లోని మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా సంతతి, అవి కూడా తమ ప్రోటీన్లను ఫార్మైల్ మెథియోనిన్‌తోనే మొదలుపెడతాయి. ఏదైనా పెద్ద దెబ్బ తగిలి కణాలు చితికిపోతే మైటోకాండ్రియాలోని సరుకు బయటకు వచ్చేస్తుంది, న్యూట్రోఫిల్స్ అక్కడ క్రిములు ఉన్నట్టే పరుగెత్తుకు వస్తాయి. క్రిమి ఒక్కటీ లేకపోయినా తీవ్ర గాయాల తర్వాత వాపు, జ్వరం రావడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

పిలుపు అందడం ఒక ఎత్తు, రక్తనాళం దాటి బయటపడటం ఇంకో ఎత్తు. వేగంగా పారే రక్తంలో కొట్టుకుపోతున్న కణం ముందు నాళం గోడ మీది సెలెక్టిన్లు అనే ప్రోటీన్లకు తాత్కాలికంగా అతుక్కుంటూ ఊడుతూ దొర్లుతుంది, తర్వాత ఇంటెగ్రిన్లు అనే గట్టి పట్టుతో ఆగిపోతుంది, ఆ పైన గోడలోని కణాల సందుల్లోంచి దూరి బయటకు వస్తుంది. ఈ ఇంటెగ్రిన్లలో లోపంతో పుట్టే పిల్లల్లో జరిగేది చూస్తే ఈ మెట్టు ఎంత కీలకమో తెలుస్తుంది. వాళ్ల రక్తంలో తెల్లకణాల సంఖ్య చాలా ఎక్కువగా ఉంటుంది, అయినా ఇన్ఫెక్షన్ ఉన్న చోట చీము పట్టదు, బొడ్డుతాడు ఊడటానికి కూడా మామూలు కంటే ఎక్కువ రోజులు పడుతుంది. కణాలకు కొదవ లేదు, అవి రక్తం దాటి రాలేవు. రిపోర్టులో అంకె మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

## పట్టు దొరకని క్రిములు

చేరుకున్నాక గుర్తుపట్టాలి. బాక్టీరియా, శిలీంధ్రాల పొరల మీద మన కణాల్లో ఎక్కడా లేని కొన్ని రసాయన నమూనాలు ఉంటాయి. వాటిని గుర్తించే గ్రాహకాలు ఉండి తీరాలని 1989లో చార్ల్స్ జేన్‌వే ఊహించి చెప్పాడు. 1996లో ఈగల్లో, 1998లో ఎలుకల్లో వాటి పాత్ర బయటపడింది. ఆ పరిశోధనలకు జూల్స్ హాఫ్‌మన్, బ్రూస్ బ్యూట్లర్ 2011 నోబెల్‌లో వాటా పొందారు.

అయితే గుర్తుపట్టినంత మాత్రాన మింగడానికి పట్టు దొరకాలని లేదు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ చుట్టూ చక్కెర అణువులతో అల్లుకున్న జారుడు పొర ఉంటుంది. దాని మీద కణానికి పట్టు చిక్కదు. రైట్, డగ్లస్ చూసిన పదార్థాలు అక్కరకు వచ్చేది ఇక్కడే. యాంటీబాడీలు, కాంప్లిమెంట్ వ్యవస్థలోని సీ3బీ అనే ప్రోటీన్ క్రిమి పొరకు అంటుకుని నిలబడితే, మింగే కణం తన గ్రాహకాలతో వాటి తోకలను పట్టుకుంటుంది. వీటిని ఆప్సోనిన్లు అంటారు.

న్యుమోకాకస్ టీకా పని చేసేది ఈ దారిలోనే. టీకా క్రిమిని నేరుగా చంపదు, కనీసం క్రిమిని చంపే కణాలను కూడా పెంచదు. ఆ జారుడు పొరకు అతుక్కునే యాంటీబాడీలను ముందే తయారు చేయించి పెడుతుంది, మిగతా పని న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు ఎప్పటిలాగే చేసుకుంటాయి. ఈ బాక్టీరియాలో పొర రకాలు 100కు పైగా ఉన్నాయి, టీకా కొన్ని రకాలకే పని చేస్తుందనడం కూడా అందుకే. ప్లీహం తీసేసినవాళ్లకు ఇలాంటి టీకాలు తప్పనిసరిగా వేయించుకోమని చెప్పడం వెనకా ఇదే లెక్క ఉంది: రక్తంలో తిరిగే జారుడు పొర బాక్టీరియాను వడకట్టి మింగే మాక్రోఫేజ్‌లు పెద్ద ఎత్తున ఉండేది ప్లీహంలో.

స్టాఫిలోకాకస్ ఆరియస్ ఇంకో ఎత్తు వేస్తుంది. దాని పొర మీది ప్రోటీన్-ఏ అనే పదార్థం యాంటీబాడీని తోక వైపు నుంచి పట్టేసుకుంటుంది. యాంటీబాడీ అతుక్కునే ఉంటుంది, కానీ తలకిందులుగా, దాంతో తెల్లకణం చేతికి అందాల్సిన కొస అందకుండా పోతుంది.

## మింగడం

ఇది చెప్పుకోవడానికి సులువైన భాగం. ఒక గ్రాహకం ఒక ఆప్సోనిన్‌ను పట్టుకోగానే ఆ చోట కణం పొర కొద్దిగా ముందుకు వస్తుంది, పక్క గ్రాహకానికి పక్క ఆప్సోనిన్ అందుతుంది, అలా జిప్ లాగినట్టు పొర క్రిమి చుట్టూ మూసుకుంటూ పోతుంది. రెండు అంచులు కలిసి అతుక్కుంటే క్రిమి ఒక సంచిలో బందీ. ఆ సంచిని ఫాగోసోమ్ అంటారు. మొత్తం పనికి పట్టేది కొద్ది నిమిషాలే, ఒక్కోసారి నిమిషం కూడా పట్టదు.

మింగేది మరీ పెద్దదైతే అంచులు కలవవు. పొడవాటి ఆస్‌బెస్టాస్ పోగును మాక్రోఫేజ్ మింగబోతే అది సగం లోపల సగం బయట ఉండిపోతుంది, మూసుకోని సంచిలోకి పోయాల్సిన విషపదార్థాలు కణజాలంలోకి కారిపోతాయి. ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఇలా జరగడమే ఆస్‌బెస్టాస్ జబ్బులకు ఒక మూలం. సంచి పూర్తిగా మూసుకోవడం అంత ముఖ్యం. క్రిమిని లోపల పెట్టడం కోసమే కాదు, చంపే రసాయనాలు బయటకు రాకుండా చూడటం కోసం కూడా.

## చంపడం: అసలు పని ఇక్కడ

మూసుకున్న సంచి తనంతట తాను క్రిమిని ఏమీ చేయదు. కణం లోపల ముందే తయారై ఉన్న చిన్న చిన్న రేణువులు వచ్చి ఆ సంచిలో కలిసి, తమ సరుకును అందులోకి కుమ్మరించాలి. న్యూట్రోఫిల్స్‌లో ఈ రేణువుల్లో బాక్టీరియా గోడను కోసే లైసోజైమ్, పొరకు తూట్లు పొడిచే డిఫెన్సిన్లు, ప్రోటీన్లను ముక్కలు చేసే ఎలాస్టేజ్, ఇనుమును లాగేసుకుని బాక్టీరియాకు అందకుండా చేసే లాక్టోఫెర్రిన్ ఉంటాయి. లైసోజైమ్‌ను కనుక్కున్నది పెన్సిలిన్‌తో పేరు తెచ్చుకున్న అలెగ్జాండర్ ఫ్లెమింగే, పెన్సిలిన్‌కు ముందే, 1922లో. మాక్రోఫేజ్‌లలో ఈ పని లైసోసోమ్‌లది, వీటిని 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ గుర్తించి 1974లో నోబెల్ అందుకున్నాడు. లైసోసోమ్‌లు కలిసిన కొద్దీ సంచి లోపలి పీహెచ్ 5 కిందికి పడిపోతుంది, ఆ ఆమ్లంలోనే వాటి ఎంజైములు బాగా పని చేస్తాయి.

వీటికి తోడు ఇంకోటి ఉంది. తెల్లకణాలు మింగే సమయంలో ఆక్సిజన్ వాడకం ఒక్కసారిగా పెరుగుతుందని 1933లోనే బాల్‌డ్రిడ్జ్, జెరార్డ్ అనే ఇద్దరు గమనించారు. కష్టపడే కణానికి శక్తి కావాలి కాబట్టి అలా అయిందని ఎవరికైనా తోస్తుంది. కానీ మైటోకాండ్రియా శ్వాసను ఆపేసే సయనైడ్ ఇచ్చినా ఈ పెరుగుదల ఆగలేదని తర్వాత తేలింది. అంటే ఆ ఆక్సిజన్ శక్తి కోసం కాదు. మరి దేనికన్నదానికి 1973లో బెర్నార్డ్ బేబియర్ బృందం జవాబిచ్చింది: కణం ఆ ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ తగిలించి సూపర్ఆక్సైడ్ అనే చురుకైన పదార్థంగా మారుస్తోంది. ఈ పని చేసే యంత్రం పేరు ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్. దాని భాగాలు మామూలుగా విడివిడిగా ఉంటాయి, కొన్ని పొరలో, కొన్ని కణద్రవంలో. మింగుడు మొదలైతేనే అవన్నీ ఒక చోట చేరి బిగుసుకుంటాయి. అనవసరంగా ఆన్ కాకుండా ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

సూపర్ఆక్సైడ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. దాన్ని మయలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ క్లోరైడ్‌తో కలిపి హైపోక్లోరస్ ఆమ్లంగా మారుస్తుంది, బ్లీచ్‌లో క్రిములను చంపేది కూడా ఇదే రసాయనం. ఈ ఎంజైమ్ స్వతహాగా ఆకుపచ్చ రంగులో ఉంటుంది, చీముకూ చిక్కటి కఫానికీ వచ్చే పచ్చటి ఛాయ దీనిదే. అందుకే కఫం పచ్చగా ఉందంటే న్యూట్రోఫిల్స్ పెద్ద సంఖ్యలో వచ్చాయనే అర్థం. వైరస్ జలుబులో కూడా అలా వస్తుంది, కాబట్టి రంగు ఒక్కటే చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం సరైన పద్ధతి కాదు.

ఇన్ని ఆయుధాల్లో అసలు చంపేది ఏది? పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఈ బ్లీచ్‌కే పేరు కట్టబెట్టాయి. కానీ మయలోపెరాక్సిడేజ్ పుట్టుకతో లేనివాళ్లు కొన్ని వేల మందిలో ఒకరు ఉంటారు, వాళ్లలో చాలామందికి ఆ లోపం ఉన్నట్టే తెలియదు, ఆరోగ్యంగానే ఉంటారు. ఆక్సిడేజ్ లేనివాళ్ల పరిస్థితి పూర్తిగా వేరు. దీన్నిబట్టి ఆక్సిడేజ్ చేసే పని బ్లీచ్ తయారీ ఒక్కటే కాదని తేలుతోంది. ఎలక్ట్రాన్లను సంచిలోకి తోసినప్పుడు దాని వెంట అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న లవణ భాగాలు, కదిలి, లోపలి పీహెచ్ మారి, కోత ఎంజైములు చురుకవుతాయని, ఆ ఎంజైములే ముఖ్యమని కొందరు పరిశోధకుల వాదన. ఈ చర్చ ఇంకా పూర్తి కాలేదు. బహుశా క్రిమిని బట్టి ఆయుధం మారుతుందనుకోవడమే ఇప్పటికి సబబు.

## మింగీ చంపలేకపోతే

ఆక్సిడేజ్ భాగాల్లో ఏదో ఒకటి పుట్టుకతో లోపించడాన్ని క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అంటారు. రెండు లక్షల జననాల్లో ఒకరికి అటూ ఇటుగా వచ్చే అరుదైన జబ్బు. ఎక్కువ కేసుల్లో లోపం ఉండే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువ. 1950ల్లో దీన్ని మొదట వివరించినప్పుడు వైద్యులకు పట్టుకున్న సందేహం ఏమిటంటే, ఈ పిల్లల్లో తెల్లకణాల సంఖ్య బాగానే ఉంది, యాంటీబాడీలు ఉన్నాయి, మరి స్టాఫిలోకాకస్, ఆస్పర్‌జిల్లస్ శిలీంధ్రం లాంటివి పదే పదే ఎందుకు దాడి చేస్తున్నాయని.

కణాలు చేరుతున్నాయి, మింగుతున్నాయి, చంపలేకపోతున్నాయి. చంపలేని క్రిమి చుట్టూ ఇంకా కణాలు చేరి గడ్డలు కడతాయి, జబ్బు పేరులోని గ్రాన్యులోమా అంటే ఆ గడ్డే. మెట్లు వేర్వేరని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఇప్పుడు ఆక్సిడేజ్ పని చేస్తోందో లేదో రంగు మారే రసాయనంతో తేల్చే పరీక్షలున్నాయి, రోజూ వేసుకునే యాంటీబయాటిక్, శిలీంధ్రాల మందులతో ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి, మజ్జ మార్పిడితో జబ్బును పూర్తిగా నయం చేసే అవకాశమూ ఉంది.

## సంచిలోనే కాపురం

రాబర్ట్ కాక్ టీబీ బాక్టీరియాను ప్రకటించింది కూడా 1882లోనే, మెచ్నికోవ్ ముళ్లు గుచ్చిన ఏడాదే. ఆ బాక్టీరియా మాక్రోఫేజ్ నుంచి పారిపోదు. మింగించుకుంటుంది. మింగిన సంచిలో లైసోసోమ్‌లు వచ్చి కలవకుండా అడ్డుకుంటుంది, 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ ఈ విషయాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించారు. సంచి పీహెచ్ 5 కిందికి పోవాల్సింది 6 పైనే నిలిచిపోతుంది, ఎంజైములు రావు, ఆహారం మాత్రం అందుతుంది. చంపడానికి కట్టిన గదిలో అది నివాసం ఏర్పరచుకుంటుంది. క్రిములే తెల్లకణాలను వాహనంగా వాడుకుంటాయన్న పాత వైద్యుల మాట ఈ క్రిమి విషయంలో నిజమే.

ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతుకు టీబీ బాక్టీరియా సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం. మిగతావాళ్లలో అది ఎందుకు అణిగి ఉంటుందంటే, మాక్రోఫేజ్ ఒంటరిగా లేదు కాబట్టి. టీ-కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అందితే మాక్రోఫేజ్ చురుకై, ఆ అడ్డును చాలావరకు దాటి సంచిని ఆమ్లంగా మార్చగలుగుతుంది. హెచ్ఐవీ టీ-కణాలను తగ్గించేస్తే టీబీ విజృంభించేది అందుకే. కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఇచ్చే ముందు టీబీ పరీక్ష చేసేదీ అందుకే, ఆ టీఎన్ఎఫ్ కూడా మాక్రోఫేజ్‌లను చురుగ్గా, గడ్డను గట్టిగా ఉంచే పదార్థాల్లో ఒకటి.

కలుషిత ఆహారం ద్వారా సోకే లిస్టీరియా అనే బాక్టీరియా దారి వేరు. సంచి పొరకు రంధ్రం చేసి బయటపడి, కణంలోని ఆక్టిన్‌నే తన వెనక తోకలా అల్లుకుని పక్క కణంలోకి దూసుకుపోతుంది. కాలా-అజార్ జబ్బు తెచ్చే లీష్మేనియా అనే పరాన్నజీవి మరీ మొండిది, లైసోసోమ్‌లు కలిసిన ఆమ్ల సంచిలోనే పెరుగుతుంది.

చికిత్స మీద కూడా దీని ప్రభావం ఉంది. కణం లోపల దాగిన క్రిమిని కొట్టాలంటే మందు కణం లోపలికి వెళ్లాలి. పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందులు లోపల పెద్దగా పోగుపడవు, అజిత్రోమైసిన్ లాంటివి బాగా పోగుపడతాయి. ల్యాబ్‌లో గాజు పళ్లెం మీద క్రిమిని చంపిన మందు శరీరంలో విఫలం కావడానికి ఇదీ ఒక కారణం.

## చచ్చిన తర్వాత

న్యూట్రోఫిల్ క్రిములను మింగి చంపి, తానూ చచ్చిపోతుంది. చీములో ఎక్కువ భాగం ఈ చచ్చిన కణాలే. కొన్నిసార్లు మింగడానికి బదులు తన డీఎన్ఏనే వలలా బయటకు విసిరి క్రిములను చిక్కించుకుంటుందని 2004లో బెర్లిన్‌లోని పరిశోధకులు చూపించారు. ఉపయోగమే గానీ ఆ వలలు రక్తం గడ్డకట్టడాన్ని ప్రేరేపిస్తాయి, తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో చిన్న రక్తనాళాలు మూసుకుపోవడంలో వాటి పాత్ర ఉంది.

మిగిలిన చెత్త మాక్రోఫేజ్‌ల వంతు. చచ్చిపోతున్న కణాల పొర లోపలి వైపు ఉండాల్సిన ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే కొవ్వు అణువు బయటి వైపుకు తిరుగుతుంది, మాక్రోఫేజ్‌కు అది మింగమనే సంకేతం. బతికున్న కణాల మీద సీడీ47 అనే ప్రోటీన్ మింగవద్దనే సంకేతంగా ఉంటుంది. కాలం తీరిన ఎర్రకణాలను సెకనుకు 20 లక్షల చొప్పున ఇలా తొలగించి ఇనుమును తిరిగి వాడుకలోకి పంపేదీ మాక్రోఫేజ్‌లే, నిజానికి వాటి రోజువారీ పనిలో క్రిముల వాటా తక్కువ. కొన్ని క్యాన్సర్ కణాలు సీడీ47ను ఎక్కువగా పెట్టుకుని తప్పించుకుంటాయి కాబట్టి దాన్ని అడ్డుకునే మందుల మీద ప్రయత్నాలు నడుస్తున్నాయి.

మింగిన క్రిమి ముక్కలను టీ-కణాలకు చూపించి దీర్ఘకాల రక్షణకు నాంది పలికే పని కూడా ఉంది. దాన్ని అందరికంటే బాగా చేసేవి డెండ్రిటిక్ కణాలు, 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ గుర్తించినవి.

## సంఖ్య చెప్పేది, చెప్పనిది

తెల్లకణాల సంఖ్య మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే మామూలు అంటారు. ఇది పెరిగితే ఇమ్యూనిటీ పెరిగిందని కొందరు సంబరపడతారు, పెద్ద జబ్బేదో వచ్చిందని కొందరు టెన్షన్ పడతారు. రెండూ తొందరపాటే. ఏ సమయంలోనైనా న్యూట్రోఫిల్స్‌లో పెద్ద భాగం రక్తనాళాల గోడలకు అంటి ఉంటుంది, పరీక్షకు తీసిన రక్తంలో అవి రావు. గట్టిగా పరుగెత్తినా, తీవ్రమైన భయం కలిగినా అవి ఊడి రక్తంలోకి వచ్చేస్తాయి, సంఖ్య పెరుగుతుంది. స్టెరాయిడ్లు వాడితే ఇంకా విచిత్రం: అంకె పెరుగుతుంది, కానీ కణాలు కణజాలంలోకి వెళ్లడం తగ్గి ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువవుతుంది. అదుపులో లేని మధుమేహంలో సంఖ్య మామూలుగానే ఉండి, కణాల కదలిక, మింగడం, చంపడం మూడూ మందగిస్తాయి. ఇంకోవైపు ఆఫ్రికా మూలాలున్న చాలామందిలో వంశపారంపర్యంగా న్యూట్రోఫిల్స్ అంకె తక్కువగా ఉంటుంది, ఇన్ఫెక్షన్లు మాత్రం ఎక్కువ రావు.

అంకెకు నిజంగా తిరుగులేని విలువ ఉన్న సందర్భం ఒకటుంది: న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కిందికి పడిపోవడం. కీమోథెరపీ వేగంగా విభజన చెందే కణాలను దెబ్బ తీస్తుంది, ఎముక మజ్జ కూడా అందులో పడుతుంది, దాంతో కొత్త న్యూట్రోఫిల్స్ రావడం ఆగిపోతుంది, ఉన్నవాటి ఆయుష్షు ఎలాగూ తక్కువే. 1991 నుంచి వాడుకలో ఉన్న జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు మజ్జను తొందరపెట్టి ఈ ఖాళీని తగ్గిస్తాయి.

న్యూట్రోఫిల్స్ ఇలా పడిపోయి ఉన్న రోజుల్లో ఇన్ఫెక్షన్ వస్తే దాని రూపమే మారిపోతుంది. చీముకు కావాల్సిన కణాలే లేవు కాబట్టి చీము పట్టదు. గొంతులో ఇన్ఫెక్షన్ ఉన్నా పెద్దగా ఎర్రబడకపోవచ్చు, న్యుమోనియా ఉన్నా మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఆ ఎరుపూ ఆ మచ్చా చాలావరకు చేరుకున్న తెల్లకణాల వల్ల వచ్చేవే. మిగిలే గుర్తు తరచుగా జ్వరం ఒక్కటే. కీమోథెరపీలో ఉన్న రోగికి 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరాన్ని ఆసుపత్రుల్లో అత్యవసరంగా చూసి, ఇన్ఫెక్షన్ ఎక్కడుందో తేలకముందే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించమని వైద్య మార్గదర్శకాలు చెప్పేది అందుకే. ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకుంటే ఆ ఒక్క గుర్తు కూడా చెరిగిపోతుంది.